అరిజోనా ఎడారిలో తీరిగ్గా బైకు రైడు: కొత్తవాళ్లకి

అరిజోనాకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఏ బండి కొనాలని అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సింది లైసెన్సు. ఇక్కడ కారు లైసెన్సుతో మోటార్‌సైకిల్ నడపకూడదు, క్లాస్ ఎమ్ ఎండార్స్‌మెంటు విడిగా తీసుకోవాలి. ఇండియాలో ఎన్నేళ్లు నడిపినా సరే, ఎమ్మెస్సెఫ్ (మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్) వాళ్ల బేసిక్ రైడర్ కోర్సు చేయండి. ప్రాక్టీసుకి బండి వాళ్లే ఇస్తారు. పాసైతే లైసెన్సులిచ్చే ఎంవీడీ ఆఫీసులో మళ్లీ బండి నడిపి చూపించక్కర్లేదు. 18 నిండినవాళ్లకి ఈ రాష్ట్రంలో హెల్మెట్ తప్పనిసరి కాదు గానీ, ఆ వెసులుబాటు వాడుకోకండి. కొలరాడో నది దాటి కాలిఫోర్నియాలో అడుగుపెడితే ఎలాగూ పెట్టుకోవాల్సిందే.

ఎడారి చూడాలంటే నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లండి. వేసవిలో ఫీనిక్స్ చుట్టుపక్కల 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. గాలి వేడి చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలని దాటాక, ఎదురుగాలి చల్లబరచడం మానేసి ఒంటికి వేడి ఎక్కిస్తుంది. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతే తెలియదు. టీషర్టుతో హాయిగా ఉంటుందనుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. పూర్తి చేతుల జాకెట్ వేసుకుని, లోపల తడిపిన కూలింగ్ వెస్ట్ తొడుక్కోండి. పొడి గాలిలో అది బాగా పనిచేస్తుంది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు, వాటితో పాటు ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచుకోండి. తల తిరిగినా, మలుపు అంచనా తప్పినా వెంటనే నీడకి చేరండి. మాట తడబడితే అది వడదెబ్బే, ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయాలి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కనక శాటిలైట్‌తో సాయం అడగగల పరికరం దగ్గర ఉండాలి.

నాలుగు గ్యాలన్ల ట్యాంకు, గ్యాలన్‌కి 45 మైళ్ల లెక్కన 180 మైళ్లు రావాలి. ఎదురుగాలి ఈ లెక్క తప్పిస్తుంది. అందుకని వంద మైళ్లు దాటకుండానే నింపించండి. టైర్ గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మధ్యాహ్నం ప్రెషర్ పెరిగిందని గాలి తీశారో, మర్నాడు టైరు మెత్తబడి మరింత వేడెక్కుతుంది. చైన్‌కి జిగురు ఆయిల్ వద్దు, ఇసుక అంటుకుని అరగదీస్తుంది. పొడిగా ఆరే వ్యాక్స్ లూబ్ వాడండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పడేది ఇసుక దగ్గరే. వాష్‌లు, అంటే ఎండిన వాగులు, రోడ్డుకి అడ్డంగా పోయే చోట తారు మీద సన్నటి పొరలా పరుచుకుని ఉంటుంది, దూరం నుంచి తారు రంగులోనే కనిపిస్తుంది. ఇసుక రాకముందే వేగం తగ్గించాలి. దాని మీదకి వచ్చాక ముందు బ్రేకు ముట్టకుండా, బండి నిటారుగా, థ్రాటిల్ కదపకుండా, చూపు దూరంగా పెట్టి దాటేయండి. సైడ్ స్టాండ్ కింద పెట్టడానికి ఒక బల్లపరుపు ప్లేటు జేబులో ఉండాలి. లేకపోతే స్టాండ్ కూరుకుపోయి బండి పక్కకి ఒరుగుతుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్‌సూన్. ఎక్కడో దూరంగా వాన పడితే ఎండలో ఉన్న వాగుకి కూడా వరద వస్తుంది. బారికేడ్ దాటి నీళ్లలోకి వెళ్లి చిక్కుకుంటే కాపాడిన ఖర్చు మీ మీదే వేసే చట్టం ఉంది. దుమ్ము గోడలా లేస్తే రోడ్డుకి వీలైనంత దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పి, బండి దిగి ఇంకా దూరం జరగండి. లైటు కనబడితే, అదే రోడ్డనుకుని వెనకవాళ్లు మీ మీదకి వచ్చేస్తారు.

మొదటి రైడుకి టూసాన్ పక్కన సాగ్వారో నేషనల్ పార్క్ తూర్పు భాగంలో 8 మైళ్ల లూప్ రోడ్డు చాలు. సాగ్వారో అంటే స్తంభంలా ఎత్తుగా పెరిగే కాక్టస్. కొమ్మలున్న ప్రతి సాగ్వారో దగ్గరా ఆగాలనిపిస్తుంది, ఆగండి. తొలి కొమ్మ వేయడానికే దానికి 50 నుంచి 70 ఏళ్లు పడుతుంది, వాన తక్కువచోట ఇంకా ఎక్కువే. ఫోటో కోసం చోయా అనే ముళ్ల కాక్టస్ దగ్గరికి మాత్రం పోకండి. దాని ముక్క తగిలీ తగలకముందే జాకెట్‌కి గుచ్చుకుంటుంది, చేత్తో లాగితే వేళ్లకి ఎక్కుతుంది. దువ్వెన పళ్లని ముల్లుముద్ద కిందకి దూర్చి విదిలిస్తే ఊడిపోతుంది.

చెయ్యి తిరిగాక కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్ మీదుగా టోపాక్ వెళ్లే పాత రూట్ 66 పట్టండి. సిట్‌గ్రీవ్స్ పాస్ మలుపుల్లో రెయిలింగ్ లేని చోట్లు ఉన్నాయి, రోడ్డు ఇరుకు. అక్కడ 20 మైళ్ల వేగం సరిపోతుంది, కొండలూ బాగా కనిపిస్తాయి. ఓట్‌మన్‌లో పాతకాలపు గని పనివాళ్లు వదిలిన గాడిదల సంతతి రోడ్డు మధ్యే నిలబడుతుంది. హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపి, అవి జరిగేదాకా ఆగండి. చీకటి పడేలోపు హైవే చేరుకునేలా బయల్దేరండి.