డిస్క్‌ని 60 జీబీకి పెంచినా ఉబుంటులో 12 జీబీయే కనిపిస్తోంది, మిగతాది వాడుకోవడం ఎలా?

వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు సర్వర్, డిస్క్ 25 జీబీ నుంచి 60కి పెంచారు, రీబూట్ చేశారు, అయినా డీఎఫ్‌లో (ఖాళీ జాగా చూపే కమాండ్, df) రూట్, అంటే సిస్టమ్ ఉండే ప్రధాన భాగం, 12 జీబీ దగ్గరే ఉందన్నారు. మీరు పెంచింది డిస్క్‌ని మాత్రమే. డిస్క్ మీద పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన ముక్క), దాంట్లో ఎల్‌వీఎం (జాగాని ఒక వాల్యూమ్ గ్రూపుగా కలిపి, అందులోంచి ఎల్‌వీలుగా పంచే పొర), దాని మీద ఫైల్ సిస్టమ్ ఉంటాయి. కింది నుంచి పైకి ఒక్కోదాన్నీ విడిగా పెంచాలి. అందుకే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk, డిస్క్‌లు, వాటి ముక్కల జాబితా చూపే కమాండ్) కొట్టి, జాగా ఏ పొర దగ్గర ఆగిపోయిందో చూడండి.

ఎస్‌డీఏ (మొత్తం డిస్క్ పేరు) ఎదురుగా ఇంకా 25 జీబీయే ఉంటే ఉబుంటులో ఏం చేసినా లాభం లేదు, చూడాల్సింది బయట. చాలాసార్లు కారణం స్నాప్‌షాట్లే (మెషీన్ అప్పటి స్థితిని దాచిపెట్టిన కాపీలు). వర్చువల్‌బాక్స్‌లో అసలు డిస్క్ పెరిగినా, మెషీన్ నడిచేది స్నాప్‌షాట్ తర్వాతి తేడాల ఫైలు మీద, దానిది పాత సైజే. వీఎంవేర్‌లోనైతే స్నాప్‌షాట్ ఉంటే పెంచనివ్వదు. స్నాప్‌షాట్లు తీసేసి మళ్లీ పెంచండి.

ఎస్‌డీఏ 60, ఎస్‌డీఏ3 (దాని మూడో పార్టిషన్) 23, దాని కింద ఉబుంటు-ఎల్‌వీ (రూట్ ఉండే ఎల్‌వీ) 11.5 అని ఉంటే మీకు రెండు చోట్ల జాగా ఆగింది: ఎల్‌వీఎం లోపల, పార్టిషన్ బయట. మొదటిది పాత బాకీ. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ ఎల్‌వీఎం ఎంచుకున్నప్పుడు వాల్యూమ్ గ్రూపు 20 నుంచి 200 జీబీ మధ్య ఉంటే అందులో సగమే రూట్‌కి ఇస్తుంది, మిగతా సగం ఖాళీగా ఉంచుతుంది. అంటే డిస్క్ పెంచకముందే మీ దగ్గర 11 జీబీ పైన వాడకుండా పడి ఉంది. సుడో వీజీఎస్ (sudo vgs, సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం) కొడితే వీఫ్రీ (గ్రూపులో మిగిలిన ఖాళీ) కింద కనిపిస్తుంది. కొద్ది జీబీల కోసమే ఇదంతా మొదలుపెట్టేవాళ్లు ముందు అక్కడ చూసుకోవాలి.

ఇక పని. మెషీన్ ఆపి వీడీఐ ఫైలుకి (వర్చువల్‌బాక్స్ డిస్క్ ఉండే ఫైలు) ఒక కాపీ తీసి పెట్టుకోండి, పార్టిషన్ టేబుల్‌ని ముట్టుకోబోతున్నాం.

ముందు పార్టిషన్ పెంచాలి: సుడో గ్రోపార్ట్ /డెవ్/ఎస్‌డీఏ 3 (sudo growpart /dev/sda 3). ఎస్‌డీఏకి, 3కి మధ్య ఖాళీ తప్పనిసరి, ఎస్‌డీఏ3 అని కలిపి రాస్తే పనిచేయదు. కమాండ్ లేదంటే క్లౌడ్-గెస్ట్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకోవాలి. రూట్ నూటికి నూరు శాతం నిండి ఉంటే గ్రోపార్ట్ /టీఎంపీలో తాత్కాలిక డైరెక్టరీ కూడా పెట్టుకోలేక ఆగిపోతుంది. ఆప్ట్ క్యాష్, పాత జర్నల్ లాగ్‌లు తుడిచి కొంత చోటు చేసి మళ్లీ కొట్టండి.

తర్వాత సుడో పీవీరీసైజ్ /డెవ్/ఎస్‌డీఏ3 (sudo pvresize /dev/sda3). ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. ఇది చేయకపోతే కొత్త జాగా వాల్యూమ్ గ్రూపుకి తెలియదు. చేశాక వీఫ్రీ సుమారు 46 జీబీ చూపించాలి.

చివరిగా ఎల్‌వీని పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్ (lvextend). మైనస్ చిన్న ఆర్ తప్పకుండా ఇవ్వండి, ఫైల్ సిస్టమ్‌ని కూడా అదే పెంచుతుంది. సైజుకి మైనస్ పెద్ద ఎల్, +30జీ, ఆపైన /డెవ్/ఉబుంటు-వీజీ/ఉబుంటు-ఎల్‌వీ. ప్లస్ మరిస్తే "ఇంకో 30" కాస్తా "మొత్తం 30" అవుతుంది. ఉన్నదంతా ఇవ్వాలంటే మైనస్ చిన్న ఎల్, +100%ఫ్రీ. నేనైతే అంతా ఇవ్వను. అవసరమైనప్పుడు ఇంకో 10 కలపడం ఒక్క కమాండ్ పని, ఎక్స్‌ట్4ని (ext4, ఉబుంటులో మామూలుగా ఉండే ఫైల్ సిస్టమ్) తగ్గించాలంటే మాత్రం రూట్‌ని అన్‌మౌంట్ చేయాలి, అంటే లైవ్ ఐఎస్ఓతో బూట్ కావాలి. పెంచడానికి రీబూట్ కూడా అక్కర్లేదు.

మైనస్ ఆర్ ఇవ్వడం మరిచిపోతే ఎల్ఎస్‌బీఎల్‌కేలో పెరిగి, డీఎఫ్‌లో పెరగదు. ఎక్స్‌ట్4 అయితే రీసైజ్‌2ఎఫ్ఎస్‌కి (resize2fs) ఎల్‌వీ పేరు ఇవ్వండి. రాకీ, ఆల్మా లాంటి లినక్స్‌లలో ఉండేది సాధారణంగా ఎక్స్ఎఫ్ఎస్ (xfs, ఇంకో రకం ఫైల్ సిస్టమ్). దానికి ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్ వాడి, పేరు బదులు మౌంట్ పాయింట్, అంటే / ఇవ్వాలి. ఎక్స్ఎఫ్ఎస్ మీద రీసైజ్‌2ఎఫ్ఎస్ కొడితే "బ్యాడ్ మ్యాజిక్ నంబర్" అంటుంది. డిస్క్ పాడైందేమోనని కంగారుపడకండి, అది తప్పు కమాండ్ అంతే.

గ్రోపార్ట్ "నోచేంజ్" అంటే పార్టిషన్ తర్వాత పెంచడానికి జాగా లేదని అర్థం, ఎస్‌డీఏలో పెరిగినా అలా అంటే మీ పార్టిషన్ తర్వాత ఇంకోటి అడ్డం ఉండొచ్చు. పాత డెబియన్ ఇన్‌స్టాల్స్‌లో అది సాధారణంగా స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు). స్వాప్‌ఆఫ్ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (/etc/fstab, బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) దాని లైన్‌ని కామెంట్ చేసి, ఆ పార్టిషన్ తీసేసి రూట్‌ని పెంచండి. స్వాప్‌ని తర్వాత ఫైలుగా పెట్టుకోవచ్చు.

ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ తీసి మళ్లీ వేసే పాత పద్ధతిని సలహా ఇవ్వను. తప్పనిసరైతే మొదలు సెక్టార్ పాతదే ఉండాలి, ఎల్‌వీఎం సిగ్నేచర్ తీసేయమంటారా అని అడిగినప్పుడు "నో" అనాలి.