పెళ్లి గౌను సరిచేయడం కూడా ఒక వృత్తేనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. రెండేళ్లుగా కుట్టుపని నేర్చుకుంటోంది. పెళ్లి గౌన్లను కొలతకు సరిచేసే పనినే వృత్తిగా చేసుకుంటానంటోంది. ఈమధ్య స్నేహితురాలి గౌను పై భాగం వదులుగా ఉందంటే రెండు పక్కలా కుట్టు బాగా లోపలికి వేసింది. నడుము సరిపోయింది కానీ ఛాతీ దగ్గర ముడతలు పడ్డాయి. చివరికి వాళ్లు వేరేవారి చేత బాగుచేయించుకున్నారు. అప్పటినుంచి దిగులుగా ఉంటోంది. ఎవరో కుట్టినదాన్ని విప్పి కుట్టడంలో ఎదుగుదల ఏముంటుంది? డిజైనింగ్ కోర్సులో చేర్పించడం మేలు కాదా?
– ఒక తల్లి

జవాబు: మీ అమ్మాయి చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

గౌను వదులైతే పక్క కుట్లు లోపలికి వేయాలని ఎవరికైనా తోస్తుంది. ఒక్కో పక్క ఒక సెంటీమీటరు లోతుగా కుట్టు జరిపితే ముందు బట్టలో ఒకటి, వెనుక బట్టలో ఒకటి పోతుంది. రెండు పక్కలా కలిపి చుట్టుకొలతలో నాలుగు సెంటీమీటర్లు తగ్గుతుంది. అంతవరకు సర్దుకుంటుంది. ఇంకా లాగేకొద్దీ ముందు బట్ట పక్కలకు జరుగుతుంది. ఛాతీ ఎత్తుకు అమర్చిన టక్కులు, ప్రిన్సెస్ కట్ కుట్లు (ఛాతీ మీదుగా నడుము దాకా నిలువుగా దిగే కుట్లు) దానితోపాటే జరుగుతాయి. బట్టలోని ఎత్తు ఒకచోట, ఒంటి ఎత్తు ఇంకోచోట మిగులుతాయి. మీరు రాసిన ముడతలు చాలావరకు ఇవే అయి ఉండాలి. ఎక్కువ తగ్గించవలసి వచ్చినప్పుడు పక్క కుట్లకు కొంత, ప్రిన్సెస్ కుట్లకు కొంత, వెనుక మధ్య కుట్టుకు కొంత పంచుతారు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. చేతి లోపమైతే నేనూ దిగులుపడేవాడిని.

కుట్టుపని నా విద్య కాదు. ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవారి పక్కన కూర్చుని చూసినదీ, అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాను. గౌను తొడుక్కున్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే వాళ్లు చాలాసేపు సూది ముట్టుకోరు. ముడతలు చూస్తారు. నడుముకు కాస్త పైన అడ్డంగా మడత పడుతోందంటే చాలాసార్లు పై భాగం ఆమెకు పొడవైందని అర్థం. ఎంత బిగించినా ఆ మడత పోదు, నడుము కుట్టు విప్పి పైకి ఎత్తాలి. ఛాతీ వైపుగా ఏటవాలు గీతలు లాగుతున్నాయంటే అక్కడ బట్ట చాలడం లేదు. తరువాత ఆమెను కూర్చోమంటారు, చేతులు ఎత్తమంటారు, గట్టిగా ఊపిరి పీల్చమంటారు. అద్దం ముందు బొమ్మలా నిలబడితేనే అమరే గౌనుతో పెళ్లిరోజంతా గడవదు కదా. ఆ రోజు వేసుకోబోయే లోదుస్తులతోనే రమ్మంటారు. అవి మారితే ఛాతీ ఎత్తే మారిపోతుంది.

భుజపట్టీలు లేని గౌను ఛాతీ బిగుతు వల్లే నిలుస్తుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట. లోపల నడుము చుట్టూ గట్టి రిబ్బన్ పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని విడిగా హుక్కులతో బిగిస్తారు. కింది కుచ్చుల బరువు దాని మీద పడుతుంది కాబట్టి పై భాగం జారదు. నిలువుగా ఉండే బోనింగ్ పుల్లలు బట్ట ముడుచుకోకుండా నిలబెడతాయి. పై భాగాన్ని కురచ చేస్తే ఈ పుల్లలనూ కత్తిరించి, కుట్టుకు కాస్త ఇవతలే ఆపి, కొనలు మొద్దుబార్చాలి. లేదంటే సాయంత్రానికల్లా ఒంటికి గుచ్చుకుంటాయి.

ఇక ఎదుగుదల మాట. పెళ్లి గౌన్లు చాలావరకు తయారీదారుల సైజు పట్టిక ప్రకారం వస్తాయి. ఛాతీ, నడుము, తుంటి కొలతల్లో ఏది పెద్ద సైజు కోరితే ఆ సైజు గౌను తెప్పించి మిగతాచోట్ల తగ్గిస్తారు. అందువల్ల సరికొత్త గౌనుకు కూడా ఇంకొకరి చేయి పడక తప్పదు. కొలతలు తీసి కుట్టినదానికీ అంతే. 1981 జూలైలో బ్రిటన్ యువరాజు చార్లెస్‌తో డయానా పెళ్లికి డేవిడ్, ఎలిజబెత్ ఇమాన్యుయెల్ దంపతులు ఆమె కోసమే గౌను కుట్టారు. పెళ్లి దగ్గరపడేకొద్దీ ఆమె సన్నబడుతూ పోవడంతో పై భాగాన్ని మళ్లీ మళ్లీ సరిచేయవలసి వచ్చింది. పని దొరుకుతుందా అన్న బెంగ మీకు అక్కరలేదు. నాటకాలు, సినిమాల దుస్తుల విభాగాలకూ ఇదే చేయి కావాలి.

మీరు ‘విప్పి కుట్టడం’ అని తేలికగా అన్నారు. లేసు పరిచిన పై భాగంలో ఒక్క పక్క కుట్టు జరపాలంటే ముందు ఆ లేసు పువ్వులను చేతితో ఒక్కొక్కటే విప్పాలి. కుట్టు దారిలో ఉన్న పూసలు తీసి దాచాలి, మిషను సూది వాటిమీద పడితే విరుగుతుంది. లైనింగ్ వేరుచేయాలి. కుట్టు వేశాక దాన్ని కప్పేలా లేసును పరిచి మళ్లీ చేతితోనే కుట్టాలి. మిషను తిరిగేది కొద్ది నిమిషాలు, మిగిలినదంతా గంటల పని. విప్పడానికి ఓపిక ఉందా అని అమ్మాయిని అడగండి. కుట్టడం ఇష్టమని మనకు ముందే తెలుసు.

ఆ ఓపికను ఆరు నెలల్లో పరీక్షించుకోవచ్చు. ఎవరికీ అక్కరలేని పాత గౌను ఒకటి సంపాదించి, పొర తరువాత పొర ఫోటో తీసుకుంటూ పూర్తిగా విప్పమనండి. తరువాత మామూలు కాటన్ బట్టతో పై భాగాన్ని కుట్టి, ఒంటితీరు వేరువేరుగా ఉన్న ముగ్గురికి దాన్ని సరిచేయాలి. గుండుసూదులు, టాకా కుట్టు (తరువాత లాగేసే తాత్కాలిక చేతికుట్టు) చాలు, మిషను వద్దు. శాటిన్ మీద సూది గుర్తు పోదు కాబట్టి మార్జిన్‌లోనే, అంటే కుట్టుకు అవతల లోపలికి పోయే బట్టలోనే గుచ్చే అలవాటు కాటన్ మీదే పడాలి. ఆపైన ఆల్టరేషన్ దుకాణంలో సహాయకురాలిగా చేరాలి. అక్కడ మొదట కింది అంచులు, జిప్పులు ఇస్తారు, పై భాగం చివర్లో చేతికి వస్తుంది. గౌనులో మాత్రం వరుస తిరగబడుతుంది. పై భాగం తేలాకే అంచు మడవాలి, నడుము ఎత్తితే పొడవు మారిపోతుంది మరి.

డిజైనింగ్ కోర్సుకు నేను అడ్డు చెప్పను. చేరేముందు ప్యాటర్న్ కటింగ్‌కు (కొలతల ప్రకారం నమూనా గీసి కత్తిరించడానికి), ఒంటిమీద అమరిక చూడడానికి ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. బొమ్మలు గీయడంతోనే సరిపెట్టే కోర్సు అయితే ఈమెకు పెద్దగా ఉపయోగపడదు.

కష్టాలు కూడా చెప్పాలి. పెళ్లిళ్ల కాలంలో పని కుప్పలుగా పడుతుంది, తేదీ ఒక్కరోజు కూడా జరగదు. మొదటిసారి తొడిగి చూడడం మామూలుగా పెళ్లికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఉంటుంది, తరువాత ఒకటి రెండుసార్లు. మెడ పట్టేస్తుంది, కళ్లు అలిసిపోతాయి. వీటికన్నా నోరు ముఖ్యం. ‘లావయ్యారు’ అన్న మాట ఆ గదిలో వినబడకూడదు, ‘ఇక్కడ బట్ట చాలలేదు’ అనాలి. బట్ట నిజంగానే చాలకపోతే జిప్పు తీసి తాడు అల్లిక పెట్టవచ్చు, చంక కింద ముక్క అతకవచ్చు. రెండూ కుదరకపోతే చేయలేనని మొదటిరోజే చెప్పే ధైర్యం కావాలి. మీ అమ్మాయి స్నేహితురాలికి ఆ మాట చెప్పలేకపోయిందేమో కనుక్కోండి.

ఆ గౌనును చివరికి బాగుచేసినవారు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. సిగ్గుపడకుండా వాళ్ల దగ్గరికి వెళ్లమనండి. స్నేహితురాలు ఒప్పుకుంటే గౌనును లోపలివైపు తిప్పి, ఏ కుట్టు నుంచి ఎంత తీశారో చూపించమని అడగమనండి.