బిడ్డ ఫైలులో అబద్ధం ఉండకూడదు: దత్తతపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: దత్తత కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ కేరింగ్స్ పోర్టల్‌లో నమోదై మూడేళ్లు కావస్తోంది. మా ఊరి నర్సింగ్ హోమ్‌లో ఒక పెళ్లికాని అమ్మాయికి పుట్టబోయే బిడ్డను ఇప్పిస్తామంటున్నారు. ఖర్చులు పెట్టుకుంటే చాలట, బర్త్ సర్టిఫికెట్ కూడా మా పేరు మీదే వస్తుందట. ఇందులో తప్పేముంది? – పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. ఖర్చులని పేరు పెట్టినా అది బిడ్డను కొనడమే. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బందికైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా. నోటరీ చేయించినంత మాత్రాన అది దత్తత అయిపోదు. రెండేళ్ల తర్వాత విషయం బయటపడితే, అప్పటికి మిమ్మల్నే అమ్మానాన్నలనుకుంటున్న బిడ్డను శిశుగృహకు తీసుకెళ్తారు.

మాకు శిక్షకంటే ఆ బర్త్ సర్టిఫికెట్టే ఎక్కువ భయం కలిగిస్తుంది. కన్నతల్లి ఎవరో, బిడ్డ ఎలా వచ్చిందో ఎక్కడా నమోదు కాదు. ఇరవై ఏళ్లకు ఆ బిడ్డ తన పుట్టుక గురించి అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. అన్యాయం ఆ కన్నతల్లికీ జరుగుతుంది. చట్టప్రకారం ఆమె బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగింత పత్రం రాయాలి. అంతకుముందు కౌన్సెలింగ్ ఉంటుంది. పెళ్లికాని తల్లి ఒక్కతే సంతకం పెట్టవచ్చు, పెళ్లయితే ఇద్దరూ పెట్టాలి. ఆ తర్వాత 60 రోజుల్లోపు మనసు మార్చుకుంటే బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. పురిటి నొప్పుల్లో, డబ్బు లేక తలూపిన అమ్మాయికి ఆ 60 రోజులు ఎంతో అవసరం. ఆమెకు సాయం చేయాలనుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించండి.

నిరీక్షణ ఎంత కష్టమో తెలుసు. ఈలోగా రెండు పనులు చూసుకోండి. సామాజిక కార్యకర్త మీ ఇంటికొచ్చి చూసి రాసే గృహ అధ్యయన నివేదిక మూడేళ్లే చెల్లుతుంది, గడువు దాటకముందే కొత్తది చేయించండి. దంపతులిద్దరి వయసు కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డకు అర్హత ఉండదు, 90 వరకు రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు ఉంటుంది. కొంచెం పెద్ద పిల్లలను, అక్కాచెల్లెళ్లను, అన్నదమ్ములను కలిపి తీసుకోవడం గురించి ఇంట్లో మనస్ఫూర్తిగా మాట్లాడుకోండి.

ప్రశ్న: మా పాప పది నెలలప్పుడు మా ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆరేళ్లు. దత్తత సంగతి తన పెళ్లయ్యాక చెబుదామని మా అమ్మ అంటోంది. – పాఠకుడు, రాజమండ్రి

జవాబు: అంతదాకా ఆగితే పాప మీ నోటి నుంచి కాదు, ఏ పెళ్లి పందిట్లోనో, ఆస్తి గొడవలోనో వింటుంది. అప్పుడు దత్తత సంగతికంటే, అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియకపోవడం ఎక్కువ గాయం చేస్తుంది. ఈ వారమే మొదలుపెట్టండి. ‘నువ్వు వేరే అమ్మ కడుపులో పుట్టావు. ఆమె నిన్ను పెంచలేకపోయింది. శిశుగృహలో ఆయమ్మలు చూసుకున్నారు. తర్వాత మేం నీకు అమ్మానాన్నలమయ్యాం’ – మొదటిసారికి ఇంత చాలు.

‘ప్రేమ ఉంది కాబట్టే వదిలేసింది’ అనకండి. మీరూ ప్రేమిస్తున్నారుగా, మీరూ వదిలేస్తారేమోనని భయపడుతుంది. తెలియనిదాన్ని కల్పించి చెప్పొద్దు. ఆరేడేళ్లకు పిల్లలకు లెక్క అర్థమవుతుంది: నేను ఈ ఇంటికి వచ్చానంటే ఎవరో నన్ను వదిలేశారని. అందుకే కొన్నాళ్లు ఏడుపు, పక్క తడపడం, మిమ్మల్ని వదలకపోవడం కనిపించవచ్చు. అది మీ పెంపకంలో లోపం కాదు, తన నష్టాన్ని తను అర్థం చేసుకుంటోందంతే. నెలలు గడిచినా తగ్గకపోయినా, తిండీ నిద్రా చెడినా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. క్లాసులో వంశవృక్షం, పురిటి ఫొటోల హోంవర్క్ ఇచ్చే ముందు చెప్పమని టీచర్‌ను కోరండి. ‘పుణ్యం కట్టుకున్నారు’ అనే చుట్టాలను పాప ఎదుటే ఆపండి. తన మీద ఎవరో దయ తలిచారని ఏ బిడ్డా అనుకుంటూ పెరగకూడదు.

దత్తత వెళ్లిన పిల్లల ఆత్మగౌరవం ఇతర పిల్లలకంటే తక్కువేమీ కాదని యుఫర్, వాన్ ఐజెన్‌డోర్న్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి 2007లో తేల్చారు. మీ అమ్మగారికి ఇది చెప్పండి.

ప్రశ్న: 2000లో హైదరాబాద్‌లోని ఒక సంస్థ నుంచి నన్ను దత్తత తీసుకున్నారు. కన్నవాళ్ల వివరాలు దొరుకుతాయా? – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అడిగే హక్కు మీకుంది. 18 దాటినవారు పెంచిన తల్లిదండ్రుల సంతకం లేకుండానే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారాకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 దత్తత నిబంధనల ప్రకారం మీ తరఫున మూడో వ్యక్తి వెతకడం కుదరదు, కాబట్టి డబ్బు తీసుకుని వెతికిపెడతామనే వాళ్లను దూరం పెట్టండి. అప్పగించేటప్పుడు తల్లి తన పేరు బయటపెట్టొద్దని కోరి ఉంటే, ముందు ఆమె సమ్మతి అడుగుతారు. కాదంటే ఆమె కోసం వెతకడం అక్కడితో ఆగాల్సిందే. ఆమె కాదన్నా, కన్నవాళ్ల ఆచూకీ తెలియకపోయినా, మీరు ఎక్కడ, ఏ పరిస్థితుల్లో ఆ సంస్థకు చేరారో చెప్పవచ్చు.

మీ దత్తత జరిగిన ఏడాది గురించి ఒక హెచ్చరిక. 1999లో, 2001లో హైదరాబాద్ సంస్థలపై దర్యాప్తులు జరిగాయి. లంబాడీ తండాల నుంచి ఆడపిల్లలను డబ్బిచ్చి తెచ్చిన వైనం బయటికొచ్చింది. అందువల్ల ఆ కాలపు ఫైళ్లలోని పేర్లు, అప్పగింత పత్రాలు అన్నీ నిజమని నమ్మకండి. ముందు కోర్టు ఉత్తర్వు ధ్రువీకృత నకలు తీసుకోండి. సంస్థ మూతపడితే జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కు రాతపూర్వకంగా రాసి, రసీదు దగ్గర ఉంచుకోండి. ఫైలులో ఊరి పేరు దొరికినా నేరుగా వెళ్లి తలుపు తట్టవద్దు. ఆమె ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి కావచ్చు. సంస్థ సామాజిక కార్యకర్త ద్వారానే మొదటి కబురు పంపండి.