ఈ నెల ఏం చదువుతున్నావని అడిగితే

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. హన్మకొండలో చారిత్రక నవలలంటే ఇష్టమున్నవాళ్ళు నెలకోసారి కలుస్తున్నారని, వచ్చే నెల ఎవరేం చదువుతారో చెప్పుకుంటున్నారని, ఈసారి ముందు నీ వంతేనని, అదే టెన్షన్‌గా ఉందని రాశావు. రాయాల్సిన నవల పక్కనపెట్టి ఈ చదువుల్లో పడితే టైమ్ పోతుందేమో అని చివర్లో ఒక అనుమానం కూడా పెట్టావు. దానికి జవాబు చిన్నదే: పోదు. పుస్తకం ఎంచుకోవడం గురించే కాస్త ఎక్కువ రాయాలి.

పదిమందిలో పుస్తకం పేరు చెప్పాల్సివస్తే చాలామంది చదవాలని ఉన్నది చెప్పరు, చదివినట్టు కనపడాలని ఉన్నది చెప్తారు. లావుపాటి పుస్తకం, గొప్ప పేరు. నెల తిరిగేసరికి నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి ఉంటారు. ఆ రోజు ముందుమాటలో ఉన్నదే అటూ ఇటూ తిప్పి చెప్పి కూర్చుంటారు. నువ్వు నిజంగా పూర్తి చెయ్యగలిగిందే చెప్పు. సన్నగా ఉన్నా ఫర్వాలేదు. ఇంకొకటి, నువ్వు చెప్పిన పుస్తకం మిగతావాళ్ళకు దొరకాలి కదా! మన పాత చారిత్రక నవలల్లో కొన్ని ఎప్పుడు అచ్చులో ఉంటాయో ఎప్పుడు ఉండవో చెప్పలేం. పేరు చెప్పే ముందే మీ ఊరి గ్రంథాలయంలో ఉందో లేదో చూసి రా. లేకపోతే నీ కాపీ చేతులు మారేటట్టు చూడు.

అసలు సంగతి నెలాఖరున ఏం మాట్లాడతావన్నది. కథ చెప్పకు. "చాలా బావుంది", "వర్ణనలు అద్భుతం" అనీ చెప్పకు. చారిత్రక నవల చదివేవాళ్ళం ఒకరికొకరం చెప్పుకోదగ్గది ఒకటుంది. ఏ పేజీ దగ్గర నేను ఈ లోకాన్ని నమ్మేశాను, ఏ పేజీ దగ్గర ఆ నమ్మకం జారిపోయింది అన్నదే అది. పేజీ నంబరు రాసిపెట్టుకుని వెళ్ళు. అదే పుస్తకం చదివిన ఇంకొకరికి వేరే పేజీ దగ్గర జారి ఉంటుంది. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుంటే, రాసేవాళ్ళకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని విషయాలు దొరుకుతాయి. మామూలు నవలలో రచయిత అబద్ధం చెప్తున్నాడని అందరికీ తెలుసు, పేచీ లేదు. మన నవలలో సగం నిజం, సగం కల్పన. ఆ రెండూ అతుక్కున్న చోటు కనపడకుండా ఎలా కుట్టాడన్నదే నువ్వు నేర్చుకోవాల్సిన పని.

మీరున్నది కాకతీయుల గడ్డ కాబట్టి మొదటి నెలకు నా సలహా ఇది. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' రెండూ తీసుకోండి. సగంమంది ఒకటి, సగంమంది ఇంకొకటి. ఇద్దరూ రాసింది ఒకే రాణి కాలం గురించి. బాపిరాజు చిత్రకారుడు కూడా. ఆయన దగ్గర నగలు, బట్టలు, గుర్రాలు ముందు కంటికి కనపడతాయి, తర్వాతే మనుషులు మాట్లాడతారు. మొదట్లోనే పెళ్ళికొడుకును ఎత్తుకుపోయిన వీరుడి వెనక మనల్నీ పరిగెత్తిస్తాడు. ఆ పరుగులో ఇది జరిగిందా అని అడగాలనిపించదు. నోరివారు రేపల్లెలో వకీలు. ఆయన దగ్గర రాజ్యం ఎవరికి చెందాలి, ఎందుకు చెందాలి అనే వాదన బలంగా నడుస్తుంది. నాకు బాపిరాజు చదవడం ఇష్టం, రాసేటప్పుడు మాత్రం నోరివారే ఎక్కువ పనికొస్తారు. నీకు తిరగబడి ఉండొచ్చు.

అక్కడ తప్పకుండా ఒక వాదన లేస్తుంది, ఇప్పుడే చెప్తున్నాను. ఎవరో ఒకరు చందుపట్ల శాసనం ఎత్తుతారు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన శాసనం అది. పువ్వుల ముమ్మడి అనే బంటు రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. 1289 నవంబర్ 27 నాటిది, అంటే అప్పటికే ఇద్దరూ పోయారు. అంతకుముందు చరిత్రకారులు ఆమె 1295 దాకా పాలించిందనుకునేవారు. "చూశారా, పాత నవలల్లో ఇది లేదు, తప్పు రాశారు" అంటారు మీవాళ్ళు. బాపిరాజు 1952లోనే పోయారు. ఆయన కాలానికి ఆ శాసనం వెలుగులోకే రాలేదు. రచయితకు అందుబాటులో లేని ఆధారంతో ఆయన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అందుబాటులో ఉన్నదాన్ని చూడకుండా వదిలేస్తే అప్పుడు పట్టొచ్చు. ఈ తేడా పాటిస్తే మీ చర్చలు సగం గొడవలు లేకుండా సాగుతాయి.

ఆ శాసనంలోనే రాసేవాళ్ళకు ఇంకో మాట ఉంది. ఇద్దరూ శివలోకానికి వెళ్ళారని ఉంది కానీ ఎలా పోయారో లేదు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో పోయి ఉంటారని చరిత్రకారులు అనుకుంటారు. అది ఊహ, బలమైన ఊహే. రాణీ సేనానీ ఒకేసారి పోయారు, ఒక మామూలు బంటు వాళ్ళకోసం శాసనం వేయించాడు. నవల రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ముమ్మడి ఎవరో, అతనికి ఆ భూమి ఎక్కడిదో ఆలోచించి చూడు.

ప్రతి నవల పక్కనా నవల కానిది ఒకటి పెట్టుకోవాలనేది నా పట్టుదల. కాకతీయుల నెలలో అది 'క్రీడాభిరామం' అనే పాత పద్యరచన కావాలి. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉంది, శ్రీనాథుడిదే అనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగాదా మీ సమావేశంలోకి రానివ్వకండి, గంట తినేస్తుంది. ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ కనపడ్డవన్నీ చెప్పుకోవడమే అందులో కథంతా. మధ్యలో లక్ష్మణవజ్ఝల ఇంట్లో పూటకూటి భోజనం పద్యం ఒకటి వస్తుంది. మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు. ఈ పద్యం చదివాక కాకతీయుల వంటింట్లో ఎర్రటి కారం, టమాటా, వేరుశనగ పెట్టిన నవల మీ చేతికొస్తే ఆ పేజీ దగ్గరే మీ నమ్మకం జారుతుంది. మిరపకాయ మనకు పోర్చుగీసువాళ్ళు వచ్చాకే వచ్చింది. అప్పటిదాకా కారమంటే మిరియాలే. ఇది చాలామందికి తెలిసిన సంగతే, తెలిసినా రాసేటప్పుడు చెయ్యి జారుతుంది. మీ గుంపులో వంట బాగా తెలిసినవాళ్ళుంటే ఈ కాపలా వాళ్ళకప్పగించండి.

నెలనెలా విడివిడి పుస్తకాలు కాకుండా ఒకదాన్ని పట్టుకుని ఇంకోదానికి వెళ్ళే దారి ఉంటే ఇంకా బావుంటుంది. సినిమాలు వచ్చాక కల్కి తమిళ నవల 'పొన్నియిన్ సెల్వన్' పేరు మన దగ్గరా అందరూ విన్నారు. మీలో ఒకరు దాన్ని ఎంచుకుంటారని పందెం కాస్తాను. ఎంచుకోనివ్వు. అందులో అరుళ్‌మొళి తర్వాత రాజరాజ చోళుడయ్యాడు. అక్క కుందవై పేరే ఆయన కూతురికి పెట్టుకున్నాడు. ఆ కూతురు కుందవ్వను వేంగి చాళుక్య విమలాదిత్యుడికిచ్చి పెళ్ళి చేశారు. వాళ్ళ కొడుకే రాజరాజ నరేంద్రుడు, తాత పేరే. 1904లో మీ ఊళ్ళో పెట్టిన గ్రంథాలయం, ఆంధ్ర భాషా నిలయానికున్న పేరు ఈయనదే. తంజావూరు కథ చదివినవాళ్ళు వచ్చే నెల ఈయన ఏలిన రాజమహేంద్రవరం రావాలంటే ఇంతకంటే మంచి బాట లేదు.

అక్కడ నోరివారి 'నారాయణభట్టు' ఉంది. దాని పక్కన పెట్టుకోవాల్సినవి రెండు. నన్నయ భారతం మొదట్లో నారాయణభట్టు తనకు ఎలా తోడుపడ్డాడో చెప్పుకున్న పద్యం ఒకటి. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడిలా అన్నాడు. రెండోది 1053 నాటి నందంపూడి శాసనం. రాజు ఆ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు, శాసనం రాసింది నన్నయే. ఒక స్నేహితుడి గురించి ఇంకో స్నేహితుడు రాసిన పద్యం, ఒక దానపత్రం. నవల నిలబడింది ఈ రెండింటి మీదే. మిగతా గోడలన్నీ రచయిత కట్టుకున్నవి. ఏ గోడ ఎక్కడ మొదలైందో మీరు వేలు పెట్టి చూపించగలిగితే ఆ నెల సార్థకమైనట్టే.

అన్నీ మన రాజులే కాకూడదు. తెన్నేటి సూరి 'చెంఘిజ్‌ఖాన్' ఒక నెల పెట్టండి. రుద్రమ పేరు వినగానే మన పాఠకుడు సగం నమ్మకంతో వచ్చి కూర్చుంటాడు. ఆ గర్వం రచయితకు ఊరికే దొరికిన పెట్టుబడి. మంగోలు గుడారాల గురించి తెలుగువాడికి ముందు ఏమీ తెలియదు, ప్రేమా లేదు. అక్కడ ప్రతి రూపాయీ రచయిత సంపాదించుకోవాల్సిందే. ఎలా సంపాదించాడో గమనించు.

ఎవరో ఎంచుకున్న పుస్తకం నీకు నచ్చదనిపించినా ఆ నెల మానెయ్యకు. అసలు నీకు ఎక్కువ పనికొచ్చేది అదే. ఇష్టమైన పుస్తకంలో రచయిత చేసిన మోసం నీకు కనపడదు, నువ్వు అతని పక్షాన ఉంటావు. ఇష్టం లేని పుస్తకంలో ప్రతి అతుకూ కనపడుతుంది. పక్కనున్నవాళ్ళు మాత్రం ఆ అతుకు చూడకుండా హాయిగా చదువుకుపోయి ఉంటారు. ఎందుకు చూడలేదో అడుగు. వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి. చెరువులు, తూముల మీద పనిచేసిన రిటైర్డ్ ఇంజనీరు మీలో ఉన్నారని రాశావు కదా. రామప్ప, పాకాల చెరువుల గురించి ఎవరు ఏం రాసినా ఆయన ముఖం చూస్తే చాలు, ఎక్కడ జారిందో తెలిసిపోతుంది.

ఇక నీ నవల సంగతి. కాకతీయుల ఓడరేవు మోటుపల్లి మీద రాస్తున్నావు కాబట్టి డ్రాఫ్ట్ నడుస్తున్నన్నాళ్ళూ ఆ కాలం మీద ఇంకొకరి నవల నీ వంతుగా ఎంచుకోకు. వాళ్ళ రుద్రమ నీ రుద్రమ నోటితో మాట్లాడటం మొదలుపెడుతుంది. నువ్వు చూడాల్సింది రుద్రమ తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారట. నేను సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఈయన రాతి మీద చెక్కించాడు. కర్పూరం, గంధం, ముత్యాలు వగైరాల మీద ఎంత సుంకమో కూడా అందులోనే ఉంది. భయపడ్డ వర్తకుడు, మాటిచ్చిన రాజు, మధ్యలో సుంకం వసూలు చేసే మనిషి. నీ మొదటి అధ్యాయం అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

మార్కోపోలోను కూడా అదే చేత్తో చదువు, కానీ జాగ్రత్త. మోటుపల్లి బట్ట సాలెగూడంత సన్నం అన్నాడు, అది నమ్మొచ్చు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయన్నాడు, అది ఎవరో చెప్పిన కథ. పాలిస్తున్న రాణి పోయిన రాజుగారి భార్య అన్నాడు, అది పొరపాటు. గణపతిదేవుడికి రుద్రమ కూతురు. ఒకే సాక్షి, మూడు రకాల మాటలు. పేజీ దగ్గర నమ్మకం జారడం గురించి పైన రాసిందంతా శాసనాలకూ యాత్రాకథలకూ వర్తిస్తుంది, నవలలకు మాత్రమే కాదు.

అందుకని ఈసారి నీ వంతుకు నవల పేరు చెప్పకు. మార్కోపోలో మోటుపల్లి గురించి రాసిన ఆ కొద్ది పేజీలు జిరాక్స్ తీసి అందరికీ పంచు. ఎవరు ఏ వాక్యం నమ్మారో, ఏది నమ్మలేదో పక్కన గీత గీసి తెమ్మను. ఆ కాగితాలన్నీ తర్వాత నీ దగ్గరే ఉంచుకుని, ఎవరు ఎక్కడ గీతలు గీశారో నాకు రాసి పంపు. ఇంజనీరుగారి కాగితం ముందు పెట్టు.

ఆశీస్సులతో.