అమ్మమ్మని ఫొటో తీసేటప్పుడు అడుగు దూరం జరగకు

అమ్మలూ,

అమ్మమ్మకి స్టీరియో ఫొటోలు తీసి, అట్టల మీద అంటించి, పుట్టినరోజుకి ఇద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కాస్త పక్కకి జరిపి తీసిన రెండు ఫొటోలని ఒక్కో కంటికి ఒక్కోటి చూపిస్తే, రెండూ ఒకటిగా కలిసి లోతు తేలే ఫొటోలు కదా అవి. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. సంతోషమే, ఎంత సంతోషమో చెప్పలేను, కానీ వెంటనే నీ ఎడమ కన్ను గుర్తొచ్చి టెన్షన్ కూడా పట్టుకుంది.

నీకు గుర్తుండదు. అయిదేళ్లప్పుడు ఆ కన్ను బద్ధకిస్తోందని, బాగున్న కుడి కంటికి ప్యాచ్ వేసేవాళ్లం. ఒకరోజు డాక్టర్‌గారు నీకు కళ్లద్దాలు పెట్టి చుక్కల అట్ట చూపించి ఏం కనిపిస్తోందమ్మా అంటే, 'చుక్కలు' అన్నావు. అందులో బొమ్మ ఉంది తల్లీ. ఏ కంటికి ఆ కంటికి అవి ఉత్త చుక్కలే, రెండు కళ్లూ కలిసి పనిచేస్తేనే బొమ్మ పైకి తేలుతుంది. బేలా యూలెస్ అనే ఆయన 1960 ప్రాంతంలో కంప్యూటర్‌తో ఇలాంటి చుక్కల బొమ్మలు చేసి, లోతు తెలియడానికి మెదడుకి గీతలూ ఆకారాలూ ముందుగా అక్కర్లేదని చూపించాడు. అదంతా నేను తర్వాత చదువుకున్నాను. ఆరోజు మాత్రం నీ తల నిమురుతూ ఊరుకున్నాను. చాలా నెలల తర్వాత అదే అట్ట ముందు నువ్వు చెయ్యి చాచి గాల్లో బొమ్మని పట్టుకోబోయావు. మీ అమ్మ ఏడ్చేసింది.

అందుకే ముందు చెబుతున్నా, కళ్లు లాగినట్టున్నా, తల బరువెక్కినా ఆ పూటకి ఆపెయ్యి. రెండు ఫొటోలని పక్కపక్కన పెట్టి, మెల్లకన్ను పెట్టి కలుపుకునే పద్ధతి ఒకటుంది, అందులో కుడి ఫొటో ఎడమవైపు పెట్టాలి. చాలామంది హాయిగా చూస్తారు. నువ్వు మాత్రం డాక్టర్‌ని అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు. నీకు భూతద్దాల స్టీరియోస్కోప్ చాలు, అదే, ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపించే పరికరం.

ఫోన్‌తో తియ్యడం నీకు నేర్పక్కర్లేదు. ఫోకస్, వెలుగు లాక్ చెయ్యి, రెండు షాట్లకీ అదే లెన్స్ వాడు, ఎప్పుడూ ఎడమది ముందు తియ్యి. ఫోన్‌ని పక్కకి జరుపు గానీ మొహం వైపు తిప్పకు. తిప్పితే ఫొటో అంచుల్లో గీతలు ఒకదాంట్లో పైకీ ఒకదాంట్లో కిందకీ పోతాయి, కళ్లు వాటిని కలపలేక నొప్పెడతాయి.

అసలు సంగతి ఎంత జరపాలనేది. ఇక్కడే నేను పోగొట్టుకున్నాను.

మీ తాతయ్య, అంటే మా నాన్న, పోవడానికి ఏడు నెలల ముందు. కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నారు, కళ్లజోడు ముక్కు చివరికి జారింది, ఎడమ చెవి అంచు మీద కిటికీ వెలుగు పడి ఎర్రగా మెరుస్తోంది. నేను మీటరున్నర దూరంలో ఫిల్మ్ కెమెరాతో ఉన్నాను. అంతకుముందు వారమే కొండలని తీశాను. దూరపు కొండలకి బాగా పక్కకి జరిగి తీస్తేనే లోతు తెలుస్తుంది, ఆ ఫొటోలు చూసుకుని పొంగిపోయి ఉన్నాను. నాన్న కూడా అలాగే పైకి పొడుచుకొచ్చినట్టు కనిపించాలని ఆశపడి, ఒకటి తీసి, నిండా ఒక అడుగు పక్కకి జరిగి రెండోది తీశాను. మన రెండు కళ్ల మధ్య ఉండేది ఆరున్నర సెంటీమీటర్లు. దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో ముప్పయ్యో వంతు జరిగితే చాలని ఒక లెక్క ఉంది. మీటరున్నరకి అయిదు సెంటీమీటర్లు. నేను జరిగింది ముప్పయ్యి, అంటే ఆరు రెట్లు! ఆ లెక్క నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా ఎక్కువైతే ఏం పోతుందిలే అనుకున్నాను.

రీలు కడిగించి, ప్రింట్లు కోసి, అట్ట మీద పెట్టి చూశాను. కిటికీ కలుస్తోంది, నాన్న కలవటం లేదు. నాన్నని కలిపితే కిటికీ రెండుగా చీలిపోతోంది, రెండు నిమిషాలకే కళ్లలో నీళ్లు. మళ్లీ తీద్దాంలే అని పెట్టెలో పడేశాను. అయ్యో, మళ్లీ తియ్యడానికి ఏముంది, ఆయన అక్కడే కూర్చునేవారు రోజూ! ఏడు నెలలు అలా గడిచిపోయాయి. ఇప్పుడు హాల్లో గోడ మీద ఉన్నది ఆ జతలో ఎడమ ఫొటోనే. కుడిది నా దగ్గరుంది. అప్పుడప్పుడు రెండూ పెట్టి చూస్తాను. ఇద్దరు నాన్నలు కనిపిస్తారు, ఎంతసేపు చూసినా ఒక్కరు కారు.

కాబట్టి నువ్వు అడుగులు వెయ్యొద్దు. బల్ల మీద స్కేలు పెట్టి, దాని అంచు వెంట ఫోన్ జరుపుతూ, సెంటీమీటరుకి ఒకటి చొప్పున ఎనిమిది షాట్లు తియ్యి, హాయిగా కలిసే జతని తర్వాత ఏరుకో. అమ్మమ్మని తల వెనక్కి ఆనించి కూర్చోమను, మాటల్లో పెట్టకు, మాట్లాడితే తల ఊపుతారు. చేతులు ఫొటో అంచున తెగిపోకుండా చూడు. తెగిన చెయ్యి అంచుకన్నా ముందుకు వస్తే చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. తీసిన రోజే జత కలిపి చూడు. ఆ రోజే. ఈ ఒక్క మాటా వినకపోతే మాత్రం నీతో మాట్లాడను.

అంటించేటప్పుడు ఎడమ కుడి తారుమారు చెయ్యకు. మొహం చూసి సరిగ్గానే ఉందనుకుంటావు, ఎందుకంటే మొహం లోపలికి గుంటపడినట్టు చూడటానికి మన మెదడు ఒప్పుకోదు. కుర్చీ చేతులు చూడు, వెనక గోడ చూడు. గోడ అమ్మమ్మ కన్నా ముందుకొచ్చిందంటే మార్చి పెట్టాలి. రెండు ఫొటోల్లో ఒకే కంటిపాప మధ్య దూరం ఏడున్నర సెంటీమీటర్లకి అటూఇటుగా ఉండాలి, ఎత్తులో మిల్లీమీటరు కూడా తేడా రాకూడదు.

ఇదేదో కొత్త వింత అని ఇంట్లో ఎవరైనా అంటే, చార్లెస్ వీట్‌స్టోన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తన అద్దాల స్టీరియోస్కోప్ గురించి లోకానికి చెప్పింది 1838లో అని చెప్పు. ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించడానికి ఒక ఏడాది ముందు! గీసిన బొమ్మలతోనే లోతు చూపించాడాయన. నా దగ్గరున్నది హోమ్స్ రకం, చేత్తో పట్టుకుని చూసేది. ఆలివర్ వెండెల్ హోమ్స్ అని ఒక అమెరికన్ డాక్టర్, రచయిత. ఆయన 1861లో ఆ నమూనా చేసి, కావాలనే పేటెంట్ తీసుకోలేదు, అందుకే ఎవరైనా చేసుకోగలిగారు. దాన్ని బట్టలో చుట్టి నీకు పంపిస్తున్నాను. ఎడమ భూతద్దం మీద చిన్న గీత ఉంది, చూస్తుంటే కనిపించదు. పిడి కాస్త వదులు, గట్టిగా పట్టుకోమని అమ్మమ్మకి చెప్పు.

తాతయ్య జత కూడా అందులోనే పెడుతున్నాను. నీ కళ్లకి కలుస్తుందేమోనని కాదు. కుడి ఫొటో అమ్మమ్మ ఇంతవరకూ చూడలేదు.

మావయ్య