మేడ మీద కిర్రుమనే చెక్క పలక

అన్నా, చిత్తూరులో మీ తాతల నాటి ఇంటి మేడ మీద పలక అడుగేస్తే కిర్రుమంటోందని, మళ్ళీ మేకు కొట్టినా ఆగలేదని రాశారు. మేకుతో ఆగదు. ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోతే మేకు పట్టు వదిలేస్తుంది, పలక దాన్ని ఒరుసుకుంటూ పైకీ కిందికీ ఆడుతుంది. ముందు కింద నుంచి దూలాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదలో పుచ్చో పట్టినట్టే, వడ్రంగిని పిలవాల్సిందే. గట్టిగా ఉంటే పాత మేకు పక్కన, సరిగ్గా దూలం మీద, స్క్రూ కన్నా సన్నటి రంధ్రం డ్రిల్ చేయండి. పలక మందానికి రెండింతలకు పైగా పొడవున్న స్క్రూ తీసుకుని, పలక మీద ఒకరిని నిలబెట్టి బిగించండి. రంధ్రం వేయకుండా బిగిస్తే పాత చెక్క చీలుతుంది, అలాంటి పలక మళ్ళీ దొరకదు. పలకల అంచులు రాసుకునే శబ్దమైతే సందులో టాల్కం పౌడర్ చల్లి బ్రష్‌తో లోపలికి తోయండి, చాలు.