డాక్టర్ చదవకుండా ఆస్పత్రి లెక్కలు తేల్చే ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎంఏ ఎకనామిక్స్ ఫైనలియర్‌లో ఉన్నాను. హెల్త్ ఎకనామిస్ట్ అవుతానని ఇంట్లో చెబితే నాన్న, "ఎంబీబీఎస్ సీటు ఎలాగూ రాలేదు, మళ్లీ ఆస్పత్రుల గోలెందుకు, బ్యాంకు పరీక్షలు రాసుకో" అన్నారు. డాక్టర్ చదవనివాళ్లకు ఇందులో చోటుందా? రోజూ చేసే పనేంటి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చోటుందా అని అడుగుతున్నారు, అసలు హెల్త్ ఎకనామిక్స్ అనే ఈ శాస్త్రానికి పునాది వేసిందే డాక్టర్ కాని మనిషి. కెనెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికవేత్త 1963లో రాసిన వ్యాసంతో ఇది మొదలైందంటారు. (ఆయనకు 1972లో నోబెల్ వచ్చింది, అది వేరే పనికిలెండి.) ఆయన వాదన మన మాటల్లో ఇదీ: చీర కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం, బేరమాడతాం, నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు అవేవీ కుదరవు. జబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు, వైద్యం పనిచేస్తుందో లేదో తెలీదు, ఏం కొనాలో మనకు చెప్పేది కూడా అమ్మే మనిషే. ఈ శాస్త్రంలో చాలా పరిశోధన ఆ చివరి ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ఇక రోజువారీ పని అంటారా, అందులో చాలా భాగం అడగడమే. గత 365 రోజుల్లో ఆస్పత్రిలో చేరిందెవరు, గత 15 రోజుల్లో జబ్బు పడిందెవరు అని జాతీయ శాంపుల్ సర్వేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు. ఎంతయిందంటే జనం ముందు చెప్పేది ఆస్పత్రి బిల్లు ఒక్కటే. బీరువాలోంచి కాగితాల క్యారీబ్యాగు బయటికొచ్చాక మెడికల్ షాపు చీటీలు, స్కానింగ్ రసీదు, ఆటో కిరాయి, తోడున్న కొడుకు పోగొట్టుకున్న కూలి, వడ్డీకి తెచ్చిన అప్పు ఒక్కొక్కటే లెక్కలోకి వస్తాయి. కూలికీ వడ్డీకీ రసీదులుండవు. వాటిని ఓపిగ్గా రాబట్టగలిగినవాళ్లే ఈ పనిలో నిలబడతారని నా అభిప్రాయం, లెక్కలు కట్టే స్టాటా, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఎవరైనా నేర్చుకోవచ్చు.

దీనికోసం ఊరు దాటక్కర్లేదు. సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ విభాగం ఉంది, బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఉంది, ప్రజారోగ్యం చదవాలంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. పైన చెప్పిన జాతీయ శాంపుల్ సర్వేవాళ్లు 2017-18లో ఆరోగ్యం మీద చేసిన 75వ రౌండ్ డేటా ఉచితంగా దొరుకుతుంది, ఇవాళే దించుకుని కుస్తీ మొదలుపెట్టండి. మీ నాన్నగారి భయంలోనూ కొంత నిజముంది. పరిశోధన సంస్థల్లో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, పైకి వెళ్లాలంటే పీహెచ్‌డీ తప్పదు. ఫార్మా కంపెనీలవాళ్లు జీతం బాగానే ఇస్తారు, కానీ అక్కడ కంపెనీ మందు దాని ధరకు తగినదేనని చూపించే పనిలో ఉంటారు. అది తప్పేం కాదు, తెలిసి చేరండి చాలు.

ప్రశ్న: ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు. అయినా అమ్మ బీపీ, షుగర్ మందులకే నెలనెలా చేతిలో డబ్బు అయిపోతోంది. పథకం పనిచేస్తున్నట్టా, లేనట్టా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: దాన్ని పెట్టిన పనికి పనిచేస్తున్నట్టే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచీ ఆరోగ్యశ్రీ గురి గుండె ఆపరేషన్, క్యాన్సర్ లాంటి పెద్ద ఖర్చు మీదే. నెలనెలా షాపులో కొనే బిళ్ల దాని కిందికి రాదు. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉంటే 2021-22కి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్క, అయితే మిగిలిన జేబు ఖర్చులో పెద్ద వాటా మీ అమ్మగారి బిళ్లల్లాంటి మందులదే.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2008లో పేదల ఆరోగ్య బీమాకు దరఖాస్తులు ఎక్కువై లాటరీ తీసింది. పేరు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. రెండేళ్ల తర్వాత బీమా ఉన్నవాళ్లకు అప్పుల బాధ, డిప్రెషన్ బాగా తగ్గాయి, బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కార్డు జేబును కాపాడుతుంది, బీపీ దించాలంటే రోజూ బిళ్ల పడాలి. మీ దగ్గర్లో బస్తీ దవాఖానా ఉంటే అమ్మగారిని తీసుకెళ్లండి, అక్కడ బీపీ, షుగర్ మందులు ఉచితం. లేదంటే జన్ ఔషధి షాపులో ధర కనుక్కోండి.

ప్రశ్న: మనిషి ప్రాణానికి ఇంత అని వెల కట్టడం పాపం కాదా?
– ఒక రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి

జవాబు: మాస్టారూ, హెల్త్ ఎకనామిస్టులు వెల కట్టేది మందుకు. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఏడాదిని ఒకటిగా తీసుకుని, కొత్త మందు అలాంటివి ఎన్ని ఇస్తుంది, ఒక్కోదానికి ఎంతవుతుంది అని చూస్తారు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి ఏ మందులు కొనాలో చెప్పే నైస్ అనే సంస్థ ఏళ్ల తరబడి అలాంటి ఒక్కో ఏడాదికి 20 వేల నుంచి 30 వేల పౌండ్లను హద్దుగా పెట్టుకుంది. లెక్క వెయ్యకపోయినా బడ్జెట్ అయితే అయిపోతుంది, అప్పుడు సిఫార్సు ఉత్తరం ఉన్నవాడికి మంచం దొరుకుతుంది. కాకపోతే ఈ పద్ధతిలో ముసలివాళ్లకూ వికలాంగులకూ తక్కువ మార్కులు పడతాయన్న గొడవ ఆర్థికవేత్తల మధ్యనే ఉంది. ఆ విషయంలో నేనూ మీ పక్షమే.

ప్రశ్న: మా అక్కకూ, వదినకూ, పక్క ఫ్లాట్ అమ్మాయికీ అందరికీ సిజేరియనే. ఇది డబ్బు కోసమేనా? నాకిప్పుడు ఆరో నెల, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో 81.5, దేశం మొత్తమ్మీద 21.5. ఇన్ని ఆపరేషన్లు వైద్యపరంగా అవసరమయ్యాయంటే నేను నమ్మను.

అలాగని అంతా డబ్బేనంటే అదీ నిలవదు. 1970 నుంచి 1982 మధ్య అమెరికాలో జననాల రేటు 13.5 శాతం పడిపోయింది, కాన్పు డాక్టర్ల ఆదాయమూ దెబ్బతింది. జననాలు ఎక్కువగా తగ్గిన చోటే సిజేరియన్లు ఎక్కువగా పెరిగాయని గ్రూబర్, ఓయింగ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో చూపించారు. అంటే డబ్బు పాత్ర ఉంది, కానీ పెరుగుదలంతా దానివల్లే అని వాళ్లూ అనలేదు. మన దగ్గర ఒక్కో ఆపరేషన్‌కు ఫీజు వసూలు చెయ్యని ప్రభుత్వాస్పత్రుల్లోనూ సిజేరియన్లు 44.5 శాతం! అక్కడ ముహూర్తం అడిగే అత్తగారున్నారు, మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే అనే అలవాటుంది, నొప్పుల భయముంది, రాత్రంతా పక్కన నిలబడే మంత్రసాని నర్సుల కొరత ఉంది. ఇవన్నీ వదిలేసి డాక్టర్లను తిడితే పని జరగదు.

మీ డాక్టర్‌ను ఇప్పుడే మూడు విషయాలు అడగండి. మీ దగ్గర తొలి కాన్పుల్లో నూటికి ఎన్ని నార్మల్ అవుతాయి, రాత్రిపూట నొప్పులొస్తే ఎవరుంటారు, నార్మల్‌కీ ఆపరేషన్‌కీ ప్యాకేజీ తేడా ఎంత. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట అయితే, ఆస్పత్రి మార్చుకోవడానికి ఆరో నెలలో ఇంకా టైముంది. ఆపరేషన్ అవసరమని డాక్టర్ కారణం వివరించి చెబితే మాత్రం ఈ శాతాలు పట్టుకుని వాదించకండి.